కనక నోటి తడి

మూడో రోజు

ఊతం యాప్ రోజూ ఏదో ఒకటి రాయమంటుంది. ‘మీరు పంపితే తప్ప ఎవరూ చదవరు’ అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదటి రెండు రోజులు రాయలేదు, నిద్రపోయాను. వరసగా ముప్పై గంటలు పడుకున్నానని కనక చెప్పింది. మధ్యలో రెండుసార్లు లేపి, గోడకు ఆనించి జొన్న గటక తినిపించిందట. నాకేమీ గుర్తులేదు.

కనక నా చెల్లెలు. మమ్మల్ని కన్న అవ్వ ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో పోయేనాటికి కనకకు ఏడేళ్ళు, నాకు పందొమ్మిది. దానికి జడలు వేసింది నేనే, బడికి పంపింది నేనే, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది నేనే. ఇప్పుడు నాకు నలభై. అది నాకు గటక తినిపిస్తోంది.

ఈ రోజు పనికి వెళ్ళాను. పుట్టగొడుగుల గ్యాలరీ మూడో లెవెల్లో ఉంది. ఒకప్పుడు బొగ్గు తీసిన సొరంగమే. రెండు వైపులా అరలు, అరల నిండా తడి సంచులు, సంచులకు చిల్లులు, చిల్లుల్లోంచి తెల్లటి తలలు. మొదలు దగ్గర కత్తితో కోయాలి, లాగకూడదు. నా చేతులు వణికి చాలా తలలు చితికాయి. పక్కన కోస్తున్న ఆమె చూసి కూడా చూడనట్టే ఉండిపోయింది. అందరికీ తెలుసు.

ఆరు నెలల కిందటి దాకా నేను నాలుగో లెవెల్లో పంపుల మీద ఉండేదాన్ని. ఊరే నీళ్ళను ఆగకుండా తోడకపోతే కింది ఇళ్ళు మునుగుతాయి. రెండు షిఫ్టులు వరసగా పడ్డ రోజున నిద్ర ఆగడానికని మొదటిసారి మెత్ అనే మత్తుమందు తీసుకున్నాను. పటికబెల్లం పలుకులా ఉంటుంది కాబట్టి మా దగ్గర దాన్ని పలుకు అంటారు. మొదట్లో వారానికి ఒకటి. తర్వాత లెక్క లేదు. పంపుల పని పోయింది. ఒకసారి పలుకు డబ్బీ ఎక్కడ దాచావని కనకను నెట్టాను. అది నీళ్ళ పైపు మీద పడింది, ముందు పన్ను సగం విరిగింది. అప్పటినుంచి నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అయినా మత్తు మానిపించే ఈ ఊతంలో నన్ను చేర్పించింది అదే.

చేరిన రోజున డబ్బీ దాని చేతికిచ్చి, “నా కండ్ల ముందర కాదు, ఏడనన్న పారేసి రా” అన్నాను. డబ్బీ సగం నిండి ఉంది. కనక జేబులో వేసుకుని షిఫ్టుకు వెళ్ళిపోయింది.

ఆరో రోజు

పొద్దున ఆరింటికి పరీక్ష. కాగితం పట్టీ ఒకటి బుగ్గలో నాలుగు నిమిషాలు పెట్టుకోవాలి, తర్వాత తెరకు చూపించాలి. ఫోను దాని రంగు చదివి చెబుతుంది. సాక్షి ఒకరు పక్కన కూర్చుని తెరలో కనిపించాలి. నా సాక్షి కనక. మూడో షిఫ్టు దిగి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చుంటుంది.

పాత మత్తు ఒంట్లోంచి పోయి మొదటిసారి ‘లేదు’ వచ్చిన పొద్దునే మొదటి రోజుగా లెక్క; ఆరు రోజులూ ‘లేదు’ అనే వచ్చింది.

ఈ రోజు ఊతం తరఫున నన్ను చూసుకునే సారు తెరలో మాట్లాడారు. ఆయన పేరు ఇమ్మానుయేలు. లంబసింగి కొండ మీద ఉంటారు. ఆయన వెనక కిటికీ తెరిచి ఉంది. కిటికీ తెరుచుకుని కూర్చున్న మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో. ఎండకు తాళలేక మేం కాపురాలు దించుకున్న ఈ గని పైన ఈ రోజు యాభై మూడు డిగ్రీలని, మనుషుల్ని పైకీ కిందికీ చేర్చే కేజ్ దగ్గరి బోర్డు మీద రాశారు.

“నిద్ర పడుతుందా అమ్మా?”

“పడుతది సార్.”

“తిండి?”

“మస్తు తింటున్న. సిగ్గైతుంది.”

“తినండి. ఒంటికి అది కావాలి. సిగ్గు సంగతి తర్వాత చూద్దాం, అదెక్కడికీ పోదు.”

పద్నాలుగు పరీక్షలు వరసగా శుభ్రంగా వస్తే ఒక పొద్దు పైకి వెళ్ళడానికి ఇద్దరికి చీటీ ఇస్తారట. తెల్లవారాక రెండు గంటలు, ఎండ ముదిరే లోపు. ఈసారి వాన రావచ్చని పైనున్న వాళ్ళు అంటున్నారు. కనకకు చెబితే చిన్నపిల్లలా లెక్కపెట్టింది. “ఇంక ఎనిమిది, అక్కా. వాన చూసి ఎన్నేండ్లాయె.”

తొమ్మిదో రోజు

కనక ఇల్లంతా తుడిచింది. ఇల్లంటే రాతిలో తొలిచిన ఒక గది, ఒక తెర. పొద్దున తుడిచింది, షిఫ్టుకు వెళ్ళే ముందు మళ్ళీ తుడిచింది. గిన్నెలన్నీ దించి తోమి, పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస పేర్చింది. ఆగకుండా మాట్లాడింది. నేను బాగుపడుతున్నానని దానికి సంతోషంగా ఉందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు.

పన్నెండో రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు.

పంపుల దగ్గర నాతో చేసిన గట్టయ్య గంపలు మోసే దారిలో ఎదురయ్యాడు. “మంచిగున్నవా భూలచ్చక్కా” అన్నాడు. మంచిగున్న అన్నాను. అంతటితో నడిచి రావలసింది. నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. “ఒక్కటే,” అన్నాడు, “ఎవ్వలకెర్క?”

తీసుకున్నాను. వాడాను. ఆ తర్వాత నాలుగు గంటలు ఎంత పని చేశానంటే, సూపర్‌వైజర్ వచ్చి భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు విని గర్వపడ్డాను కూడా. 

పదమూడో రోజు

ఇది ఎప్పటికీ పంపను.

పద్నాలుగు రోజులకు ఒక్క రోజు తక్కువ. పరీక్షలో నిజం తేలితే చీటీ ఉండదు, వాన ఉండదు, కనక మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అది ఐదింటికి వచ్చి, “ఆరింటికి లేపు అక్కా” అని అలాగే పడిపోయింది. బూట్లు కూడా విప్పలేదు. నోరు కొంచెం తెరుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఇంకో పట్టీ చించి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చిన్నప్పుడు పాలపళ్ళు ఊడుతుంటే ఇలాగే కూర్చుని కదిపి చూసేదాన్ని. విరిగిన పన్ను కనిపించింది. పట్టీని దాని పెదవి లోపల పెట్టి, నాలుగు నిమిషాలు పట్టుకున్నాను. కదల్లేదు. చప్పరించింది ఒకసారి, నిద్రలోనే. దాని నోటి తడి నా వేళ్ళకంటింది.

తర్వాత లేపాను. తెర ముందు నా పక్కన కూర్చుని తూగుతోంది. నా బుగ్గలో పెట్టుకున్నది ఒక పట్టీ. అరచేతిలోంచి తీసి చూపించింది ఇంకొకటి. చెల్లెలు కూర్చున్నది తన ఎంగిలికి తానే సాక్షిగా.

ఫోను, “మెత్ ఉంది” అంది.

కనక తల తిప్పి నన్ను చూసింది. ఏమీ అనలేదు. ఇంతకు ముందు నేను మాట తప్పిన ప్రతిసారీ చేసినట్టే చెయ్యి నా మోకాలి మీద పెట్టి, తర్వాత వెళ్ళి పడుకుంది.

మొదటి రోజు, మళ్ళీ

సారు ఉదయమే మాట్లాడారు. నేను తిట్టు కోసం చూశాను. ఆయన తిట్టలేదు.

“ఎప్పుడు తీసుకున్నారు?”

“మొన్న.”

“ఎవరిచ్చారో నాకు చెప్పక్కర్లేదు. ఎక్కడ ఎదురయ్యారో మాత్రం గుర్తుపెట్టుకోండి. రేపట్నించి ఆ దారి మార్చండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలెడదాం. చాలామంది మళ్ళీ మొదలెడతారమ్మా. మీరు అబద్ధం చెప్పకుండా ఒప్పుకున్నారు, అది చిన్న సంగతేం కాదు.”

నేను తల వంచుకున్నాను. అబద్ధం చెప్పలేదన్నందుకు చచ్చిపోవాలనిపించింది.

ఆయనకు తెలిసింది నిజమే. నేను వాడాను. అయితే ఆ తడి నాది కాదు. ఆ సంగతి తెలిసింది ఈ గనిలో నాకొక్కదానికే.

నా చేతులు శుభ్రంగా లేవేమో, గట్టయ్య ఇచ్చిన దాని పొడి నా గోళ్ళలో ఉండిపోయిందేమో, అదే పట్టీకి అంటిందేమో. రోజంతా ఈ ఒక్క మాటనే పట్టుకుని వేలాడాను.

మూడో రోజు

అంత గాఢమైన నిద్ర ఎవరిదో నాకు తెలియదా? ముప్పై గంటలు పడుకున్నదాన్ని నేనే కదా. గిన్నెల వరసలు, ఆగని మాటలు, తినకపోవడం, దవడలు కొరుక్కోవడం. పరాయి మనిషిలో అయితే మొదటి రోజే పట్టేసేదాన్ని. నా చెల్లెలు నా మీది సంతోషంతో అలా ఉందనుకున్నాను.

ఈ పొద్దున అది స్నానానికి వెళ్ళినప్పుడు దాని సామాన్లు వెతికాను. డ్యూటీ హెల్మెట్ లోపల, తలకు పట్టే బట్ట కింద డబ్బీ ఉంది. నా డబ్బీయే. నా చేత్తో దాని చేతికిచ్చిందే. అడుగున చిటికెడు మిగిలింది.

తల తుడుచుకుంటూ వచ్చి చూసింది. 

“పారేయమంటిని కదనే,” అన్నాను.

“పారేద్దామనే పోయిన.”

“మరి?”

“నువ్వు పన్నవు గదా ముప్పై గంటలు. మీ సూపర్‌వైజర్ ఏమన్నడెర్కనా? రెండు షిఫ్టులు రాకుంటె పేరు తీసేస్త అన్నడు. పంపులకెల్లి పోతివి, ఇది సుత పోతె ఇంకెవ్వలు పెట్టుకుంటరు నిన్ను? నీ రెండు షిఫ్టులు నేను కోసిన. నావి రెండు నడిపిన. నిలవడి నిలవడి కండ్లు మూతవడుతుంటె, డబ్బి జేబులనే ఉండె.”

నేను డబ్బీ మూత బిగించాను.

“ఒక్కసారే అనుకున్న. రొండుసార్లాయె. ఇగ బంద్ జేస్త. నేను నీ లెక్క గాను అక్కా. బంద్ జేస్త అంటె జేస్త.”

సరిగ్గా ఈ మాటలనే ఎన్నిసార్లు అన్నానో, ఎవరితో అన్నానో గుర్తు తెచ్చుకోబోయి మానేశాను. అన్నది దానితోనే.

“ఎట్ల తెల్సింది నీకు?” అంది.

“మొకం జూస్తె తెల్సింది.”

“ఎవ్వలకు చెప్పకు. కేజ్ పోతది.”

కనక కేజ్ నడుపుతుంది. మొదటి లెవెల్లో ఇంజన్ గది ఉంది. అక్కడ లివర్ మీద దాని చెయ్యి. ఉక్కు తాడుకు వేలాడే పంజరంలో ఒకేసారి ఇరవై మంది, మూడు వందల మీటర్లు కిందికీ పైకీ. మా ఇళ్ళ వరసలో ఆడవాళ్ళెవరికీ ఆ పని రాలేదు. పరీక్ష రాసి తెచ్చుకున్న రోజు వరస వరసంతా ఉడకబెట్టిన శనగ గుడాలు పంచాను.

చెప్పను అన్నాను. చెప్పడానికి నాకు ముఖమేది? ఎలా తెలిసిందో చెబితే దాని నోట్లోంచి దొంగిలించిందీ చెప్పాలి. డబ్బీ ఎవరిదని అడిగితే నాదని చెప్పాలి. రోజూ పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చునే మనిషిని, నన్ను నిలబెట్టడానికి నాలుగు షిఫ్టులు నిలబడ్డ మనిషిని, నేను పట్టివ్వాలి.

చిటికెడు మిగిలింది దాని ముందే మురుగు సంపులో కలిపేశాను. అది కొత్తది ఎక్కడ తెచ్చుకోవాలో తెలియనంత అమాయకురాలేం కాదు. ఆ సంగతి తెలిసే కలిపాను.

ఐదో రోజు

‘లేదు’. ఈ వారం కనకకు రాత్రి పోయి పగటి షిఫ్టు వచ్చింది; వెళ్ళే ముందు నా పక్కన కూర్చుంది. దాని కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి. నేను తెర వంకే చూశాను.

ఏడో రోజు

మధ్యాహ్నం పుట్టగొడుగుల గంపలు పన్నెండింటితో కేజ్‌లో ఉన్నాను. నాతో కలిపి పదకొండు మంది. మూడో లెవెల్ నుంచి రెండుకు. ఆగవలసిన చోట ఆగలేదు. గడప దాటి మీదికి పోయి, ఒక్కసారిగా బిగుసుకుని, మళ్ళీ జారి కింద పడినట్టు ఆగింది. గంపలు మా మీద పడ్డాయి. గనిలోనే బతుకంతా గడిపిన ఓదెలు తాత, డెబ్బై ఏళ్ళ మనిషి, కమ్మీ పట్టుకోబోయి చెయ్యి ఇరికించుకున్నాడు. మణికట్టు దగ్గర ఎముక చర్మం కింద పొడుచుకొచ్చి కనిపించింది. ఆయన అరవలేదు. “నీళ్ళున్నయా బిడ్డా” అన్నాడు.

గోడకున్న మైకులోంచి కనక గొంతు. “ఏం కాలే. తాడు తడిసింది. అందరు మంచిగున్నరా?”

నవ్వుతున్నట్టుంది ఆ గొంతు. తాడు తడవలేదు. మా అందరికీ తెలుసు, ఎందుకంటే వాన లేక రెండేళ్ళుగా తాడు దిగే బావిలోకి చుక్క పడలేదు. అయినా నడిపేది నా చెల్లెలే కదా అని నాకు సర్దిచెప్పడానికో ఏమో, పక్కనున్నాయన, “తాడు పాతదైంది గదా” అన్నాడు. నేను కూడా, “అవునన్నా, పాతది” అన్నాను.

ఓదెలు తాతను మోసుకుపోయారు. నేను కిందపడ్డ పుట్టగొడుగులు ఏరుతూ కూర్చున్నాను. చితికిన వాటిని కూడా ఏరాను. చెయ్యడానికి అంతకంటే ఏమీ లేదన్నట్టు.

తాడు తెగితే ఏమయ్యేది అనుకున్నాను. తెగనక్కర్లేదు, లివర్ మీది చెయ్యి ఇంకో క్షణం ఆలస్యమైతే చాలు. ఓదెలు తాత చెయ్యి విరగ్గొట్టింది కనకేనని కూడా నేను అనుకోలేకపోతున్నాను. డబ్బీ నాది. మౌనం నాది. అది నా బదులు నిలబడి కోసిన పుట్టగొడుగులే ఇవి.

ఎనిమిదో రోజు

పొద్దున పరీక్ష అయ్యాక, మూడో రోజు నుంచి ఇక్కడిదాకా రాసినదంతా పంపాను. పదమూడో రోజుది కూడా. పంపే గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. తీస్తే పోతుంది. తీశాను.

పావుగంటలో సారు తెర మీదికి వచ్చారు. ఆయన వెనక కిటికీ మూసి ఉంది.

“మొత్తం చదివానమ్మా.”

“పట్టీ మార్చిన సార్. మీరు నన్ను మెచ్చుకున్నరు.”

“ఆ సంగతి మనం మాట్లాడదాం, ఈరోజు కాదు. ఇప్పుడు మీ చెల్లెలు ఎక్కడుంది?”

“షిఫ్టుల ఉన్నది.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “భూలక్ష్మి గారూ, మీరు మీ గురించి రాసింది ఎవరికీ చెప్పను, చెప్పకూడదు. కానీ ఇరవై మంది ప్రాణాల సంగతి తెలిసి నేను ఊరుకోలేను. గని భద్రతాధికారికి చెప్పాలి. ఇప్పుడే చెబుతాను, కేజ్ ఆపమని. ఎవరు, ఏంటన్నది పావుగంట ఆగి చెబుతాను. ఈలోపు మీ నోటితో ఆవిడకి చెప్పగలరా? పోలీసుల్లా ఎవరో వచ్చి చెప్పేకంటే.”

“నా మొకం ఎట్ల చూపియ్యాలె సార్?”

“చూపించలేకపోతే చూపించొద్దు. చెప్పండి చాలు.”

మెట్లదారిన మొదటి లెవెల్ దాకా ఎక్కాను. పంపుల పని పోయాక అన్ని మెట్లు ఎక్కడం అదే మొదలు. ఇంజన్ గదిలో ఎర్ర దీపం వెలుగుతోంది, కేజ్ ఆపమని. కనక లివర్ మీద చెయ్యి తియ్యకుండా నా వైపు తిరిగింది.

“ఎందుకు ఆపుమన్నరో ఎర్కనా అక్కా?”

“నేనే. రాసి పంపిన.”

“ఏం రాసినవ్?”

“అన్ని రాసిన. డబ్బి నాదని రాసిన. నా షిఫ్టులు నువ్వు చేసినవని రాసిన. నువ్వు పెట్టుకుంటున్నవని రాసిన. ఇంకింతసేపట్ల ఆఫీసోల్లు వస్తరు. ముందుగాల నేను చెప్పాల్నని ఉరికొచ్చిన.”

దాని మొహంలో రంగు పోయింది. కానీ గొంతు గట్టిగానే ఉంది. “మొకం జూసి రాసినవా? మొకం జూస్తె తెల్సిందంటివి. మొకం జూసి ఎవల పనన్న తీసేస్తరా?”

అప్పుడు చెప్పాను. పట్టీ సంగతి చెప్పాను. ఎలా కూర్చున్నానో, ఎంతసేపు పట్టుకున్నానో.

కనక చెయ్యి తెలియకుండానే నోటి మీదికి పోయింది.

“నా నోట్లకెల్లి దీసినవు,” అంది.

“ఆ.”

“నేను పన్నప్పుడు.”

“ఆ.”

“అవ్వ పోయినంక,” అని ఆగింది. మింగి మళ్ళీ చెప్పింది. “అవ్వ పోయినంక ఎన్నడు నాకు నిద్రల భయం కాలే. నువ్వు పక్కకుంటివి గదా.”

తిట్టి ఉంటే బాగుండేది. పైపు మీదికి నెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

అది గోడకున్న ఫోను తీసి, తనతో వంతులవారీగా కేజ్ నడిపే మనిషిని పిలిచింది. “మల్లేశన్నా, జెర మీదికి రా. నేను దిగుతున్న. లే, పానం మంచిగనే ఉంది. నువ్వైతె రా.” ఫోను పెట్టేసి, హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, ఆఫీసు వాళ్ళు రాకముందే స్టూలు మీంచి లేచి నిలబడింది. నన్ను దాటుకుని బయటికి వెళ్ళేటప్పుడు నాకు తగలకుండా ఒళ్ళు పక్కకు తిప్పుకుని వెళ్ళింది.

పన్నెండో రోజు

కనక ఇల్లు వదిలి మల్లేశం వాళ్ళ గదికి వెళ్ళింది. మల్లేశం భార్య సారవ్వ వచ్చి బట్టలు తీసుకుపోయింది. “జెర టైం ఇయ్యి అక్కా” అని ఆమే నన్ను ఓదార్చింది. ఓదార్పు తీసుకోవడానికి కూడా సిగ్గేసింది.

కేజ్ పని తీసేశారు. ఆరు నెలలు శుభ్రంగా ఉంటే మళ్ళీ పరీక్ష పెడతామన్నారట. ఊతంలో చేరడం షరతు. దాని సార్ వేరే, నా సార్ కాదు. సాక్షిగా సారవ్వ పేరు రాసుకుంది. నాకు సాక్షి, గ్యాలరీలో నా పక్కన కోసే ఆమె, తిరుపతమ్మ. నేను అడగలేదు. “ఎవ్వలు లేకుంటె నేను కూసుంట” అని తనే అంది.

ఓదెలు తాతను చూడ్డానికి వెళ్ళాను. పిండికట్టు వేశారు. ఎందుకలా అయిందో మొత్తం చెప్పాను. ఆయన పైకప్పు వంక చూస్తూ, “నువ్వు జల్ది చెప్పాల్సింది,” అన్నాడు. “పదకొండు మందిమి ఉంటిమి.” అంతే అన్నాడు. పర్వాలేదు అనలేదు. నేనూ ఆ మాట కోసం నిలబడలేదు.

పదిహేనో రోజు

పద్నాలుగూ శుభ్రంగా వచ్చాయి. చీటీ వచ్చింది, ఇద్దరికి. సారవ్వ చేతికి కనక వంతు పంపాను. తిరిగి వచ్చింది.

ఒక్కదాన్నే వెళ్ళాను. కేజ్ మల్లేశం నడిపాడు. గడప దగ్గర నెమ్మదిగా ఆగింది. పైన మబ్బు పట్టి ఉంది, నేల మీద వేడి మాత్రం చెప్పుల్లోంచి ఎక్కుతోంది. కాపలా ఉన్నామె, “రొండో మనిషేది?” అంది. రాలేదన్నాను. వాన పడలేదు. గంట ఉండి దిగిపోయాను.

పందొమ్మిదో రోజు

కనకను గ్యాలరీలో వేశారు, అవతలి చివర. నా బదులు రెండు షిఫ్టులు కోసిన మనిషే, ఇప్పుడు పనిలోకి తిరిగొచ్చిన మొదటి రోజు నేను చేసినట్టే తలలు చితకగొడుతోంది. లాగుతోంది, కోయడం లేదు. వెళ్ళి చూపించాలని చెయ్యి లాగింది. వెళ్ళలేదు. తిరుపతమ్మతో చెబితే ఆమె వెళ్ళి చూపించింది.

సారుతో పట్టీ సంగతి ఈ రోజు మాట్లాడాను. “ఆ పొద్దున మీరు దేనికి భయపడ్డారు?” అని అడిగారు. చీటీ పోతుందని అన్నాను. “అదేనా?” అన్నారు. కాదు. కనక మళ్ళీ నా మోకాలి మీద చెయ్యి పెట్టి ఏమీ అనకుండా లేచిపోతుందని. అంత మంచితనాన్ని ఇంకోసారి మొయ్యలేనని. దాన్ని తప్పించుకోవడానికి దాని నోట్లోనే చెయ్యి పెట్టాను.

 “రాసుకోండి,” అన్నారు సారు. రాసుకున్నాను.

ఇరవై ఆరో రోజు

‘లేదు’. తిరుపతమ్మ టీ తాగి వెళ్ళింది. ఇంకా ఆరు కాలేదు, నా పరీక్ష కాస్త ముందే అయిపోయింది.

తెర బయట ఎవరో నిలబడ్డారు. దగ్గలేదు, పిలవలేదు. బూట్లు చూసి గుర్తుపట్టాను. తెర తీస్తే కనక. చేతిలో ఫోను, పట్టీ. బాగా చిక్కింది. కళ్ళు మాత్రం మామూలు కళ్ళు.

“సారవ్వొదిన బిడ్డకు నొప్పులొస్తున్నయి. దవఖానకు ఉరికింది,” అంది, నా భుజం మీదుగా గోడ వంక చూస్తూ. “సాక్షి లేకుంటె ఇది తీసుకోదు.”

“నన్ను రాసుకుంటవా?”

“రాసుకోను. ఇయ్యాల్టికి మాత్రమె. సార్‌ను అడిగిన, సరే అన్నడు.”

“కూసుంట.”

లోపలికి వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోలేదు, గడప దగ్గరే కూర్చుని ఫోను గోడకు ఆనించింది. నేను దాని పక్కకు వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“అటు తిరుగు,” అంది. “నా నోటి దిక్కు చూడకు. నీ వీపు కనవడితె చాలు.”

తిరిగాను. గోడకు ఎదురుగా, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. రాతి మీద బొగ్గు చార నా ముక్కుకు జానెడు దూరంలో ఉంది. వెనక పట్టీ చించిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. నోట్లో పట్టీ ఉంటే మాట్లాడలేరు. దాని ఊపిరి వినపడుతూ ఉంది. నాలుగు నిమిషాలు. వీపు కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.

ఫోను ఏదో అంది. శబ్దం బాగా తగ్గించి పెట్టుకున్నట్టుంది, నాకు వినపడలేదు. నేను అడగలేదు. తిరగమని అది అనలేదు, నేను తిరగలేదు.

లేచిన చప్పుడు. తెర జరిగింది. అడుగులు రెండు పడి ఆగాయి.

“రేపు సుత ఆరింటికే,” అంది కనక, బయటినుంచి.